రాత్రి బ్యాకప్ నిజంగా జరిగిందా? సర్వర్ నిర్వహణపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా గోదావరి డెల్టా నుంచి వచ్చాయి. రాసినవారిలో వ్యాపారులు, కళాశాల సిబ్బంది, ఆసుపత్రి ఉద్యోగులు ఉన్నారు. షిఫ్టుల్లో పనిచేసే మనుషులు లేని చోట, ఒకరిద్దరే చూసుకునే సర్వర్‌ను నమ్మకంగా నడపడం ఎలా అన్నదే అందరి ఆందోళన. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. అందులో బయటపడిన లోపం, ఇంకా బయటపడకుండా, చాలా ఆఫీసుల్లో ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: మాది అమలాపురంలో కొబ్బరి వ్యాపారం. కొనుగోళ్లు, రైతుల ఖాతాలు అన్నీ ఆఫీసులోని ఒక లినక్స్ సర్వర్‌లో, మారియాడీబీ డేటాబేసులో ఉంటాయి. రోజూ రాత్రి రెండు గంటలకు, పనులను వేళకు నడిపే క్రాన్ ద్వారా ఒక స్క్రిప్ట్ (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) నడిచి, డేటాబేసు మొత్తాన్ని బయటికి తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఇచ్చినదాన్ని, ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా మరోదానికి అందించే పైప్ ద్వారా, కుదించే జీజిప్‌కు పంపి, కుదించిన ఫైలును ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. ఏడు రోజులు దాటిన ఫైళ్లను తుడిచేస్తుంది. ఈమధ్య హార్డ్‌డిస్క్ పాడైతే బ్యాకప్‌లు తెరిచి చూశాం. ఫైళ్లన్నీ తేదీల వారీగా ఉన్నాయి కాని ఒక్కొక్కటీ 20 బైట్లే. స్క్రిప్ట్ ఏనాడూ ఎర్రర్ చూపలేదు. అదృష్టవశాత్తూ పాడైన డిస్క్ నుంచే చాలావరకు డేటా బయటికి వచ్చింది. ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయాలి?
— కంప్యూటర్ విభాగం చూసే ఉద్యోగి, అమలాపురం

జవాబు: ఏం జరిగిందో ఆ 20 బైట్లే చెబుతున్నాయి. జీజిప్‌కు ఏమీ లేని ఇన్‌పుట్ ఇచ్చినా అది 10 బైట్ల హెడర్, 2 బైట్ల ఖాళీ డేటా, 8 బైట్ల ముగింపు రాసి, అన్ని విధాలా చెల్లుబాటయ్యే ఫైలును తయారుచేస్తుంది. అంటే డంప్ కమాండ్ మొదట్లోనే విఫలమైంది. ఎవరో డేటాబేసు పాస్‌వర్డ్ మార్చి, స్క్రిప్ట్‌లో మార్చడం మరిచిపోయి ఉంటారని నా ఊహ. రెండు కమాండ్లను పైప్‌తో కలిపినప్పుడు, కమాండ్లను నడిపే షెల్ చివరి కమాండ్ ఫలితాన్నే మొత్తం ఫలితంగా తీసుకుంటుంది. డంప్ విఫలమైనా జీజిప్ తన పని తాను సక్రమంగా చేసింది కాబట్టి స్క్రిప్ట్ దృష్టిలో అంతా బాగానే ఉంది. ఆ తరవాత వారం రోజులు గడిచేసరికి, తుడిచివేత వరుస చివరి మంచి కాపీని కూడా తీసేసింది.

దీనికి మొదటి మందు బ్యాష్ (లినక్స్‌లో మామూలుగా వాడే షెల్) స్క్రిప్ట్ ఆరంభంలో పైప్‌ఫెయిల్ అనే ఆప్షన్‌ను ఆన్ చేయడం. అప్పుడు పైప్‌లో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్క. విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడితే స్క్రిప్ట్ ఆగిపోయేలా చేసే సెట్ -యూ ఆప్షన్‌ను కూడా పెట్టండి. ఎర్రర్ వస్తే ఆగిపొమ్మనే సెట్ -ఈ ఒక్కటే చాలని చాలామంది అనుకుంటారు, కాని ఇఫ్ షరతులో ఉన్న కమాండ్‌కు, ఆ షరతు నుంచి పిలిచిన ఫంక్షన్ లోపలి కమాండ్లకు అది వర్తించదు. అందువల్ల ముఖ్యమైన ప్రతి అడుగు తరవాత ఫలితాన్ని మీరే విడిగా పరీక్షించి, తేడా వస్తే స్పష్టమైన మాటతో ఆపడం మంచిది.

రెండోది, బ్యాకప్‌ను నేరుగా అసలు పేరుతో రాయవద్దు. ముందు చివర్లో ‘పార్ట్’ అని ఉండే తాత్కాలిక పేరుతో రాయించి, తనిఖీలన్నీ అయ్యాకే పేరు మార్చండి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చడం అవిభాజ్యమైన చర్య. జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. సగంలో కరెంటు పోతే మిగిలేది ‘పార్ట్’ ఫైలే కాబట్టి దాన్ని ఎవరూ మంచి కాపీగా పొరబడరు.

ఆ తనిఖీలు ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కథలో, కుదించిన ఫైలు చెడలేదని చూసే జీజిప్ -టీ అనే పరీక్ష పెట్టి ఉన్నా ప్రయోజనం ఉండేది కాదు. ఖాళీ ఫైలు కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. మామూలు సెట్టింగులతో నడిచిన డంప్ పూర్తయితే చివరి వరుసలో ‘డంప్ కంప్లీటెడ్’ అని రాస్తుంది. కుదించిన ఫైలును జెడ్‌క్యాట్‌తో విప్పి, చివరి వరుసలో ఆ మాట ఉందో లేదో చూడండి. నిన్నటి ఫైలు పరిమాణంతో పోల్చి, సగానికి పడిపోతే ఆపి కేక వేసేలా రాయండి. వ్యాపారం పెరుగుతున్నప్పుడు బ్యాకప్ ఉన్నట్టుండి చిన్నదైతే దానికి కారణం ఉండి తీరాలి.

మూడోది తుడిచివేత. ఫైండ్ కమాండ్‌తో ఏడు రోజులు దాటినవన్నీ తీసెయ్యమనడం వయసును మాత్రమే చూస్తుంది, కొత్తది మంచిదా కాదా అన్నది దానికి పట్టదు. తుడిచే వరుస స్క్రిప్ట్‌లో అన్నిటికన్నా చివర ఉండాలి, ఈ రోజు కాపీ తనిఖీలో నెగ్గితేనే నడవాలి. రోజువారీ కాపీలతో పాటు నెలకొక కాపీని విడిగా ఉంచండి. ఎవరో పొరపాటున ఒక రైతు ఖాతాను చెరిపేసిన సంగతి మూడు వారాల తరవాత తెలిస్తే, ఏడు రోజుల కాపీలు ఎన్ని ఉన్నా అక్కరకు రావు.

డంప్ కమాండ్‌కు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇస్తే, ఇన్నోడీబీ (మారియాడీబీలో మామూలుగా వాడే రకం) టేబుళ్లను తాళం వేయకుండానే ఒకే క్షణపు స్థితిలో తీస్తుంది. డేటాబేసులోనే దాచిన ప్రోగ్రామ్‌లైన స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు వాటంతట అవి రావు కాబట్టి రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు కూడా చేర్చండి. పాస్‌వర్డ్‌ను కమాండ్ వరుసలో రాయకుండా, యజమానికి మాత్రమే చదివే అనుమతి ఉన్న ఫైలులో పెట్టండి.

ఇక క్రాన్ సంగతి. చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్ట్ క్రాన్‌లో పనిచేయలేదని రాసేవారు ప్రతి నెలా ఉంటారు. క్రాన్‌కు మీ లాగిన్ వాతావరణం తెలియదు, కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్ చాలా కురచగా ఉంటుంది. కాబట్టి పాత్‌ను స్క్రిప్ట్‌లోనే రాసుకోవాలి. క్రాన్ పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్ వరుసలో శాతం గుర్తును కొత్త వరుసగా లెక్కిస్తారు. తేదీతో ఫైలు పేరు పెట్టాలని ఆ గుర్తును నేరుగా అక్కడ రాస్తే, కమాండ్ మధ్యలో తెగిపోతుంది. ఒక రాత్రి పని ముగియకముందే మరుసటి పని మొదలు కాకుండా ఎఫ్‌లాక్‌తో తాళం వేయండి. క్రాన్ తన అవుట్‌పుట్‌ను మెయిల్‌గా పంపుతుంది కాని, సర్వర్‌లో మెయిల్ పంపే ఏర్పాటే లేకపోతే ఆ మాట ఎవరికీ చేరదు.

ఈ చివరి విషయం దగ్గర నేను మిమ్మల్ని కాసేపు ఆపుతాను. విఫలమైతే కబురు పంపే ఏర్పాటు మాత్రమే ఉన్న చోట, కబురు రాకపోతే బాగుందని అర్థం చేసుకుంటాం. ఆ కబురు పంపే దారే తెగిపోయి ఉంటే? 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఇదే జరిగింది. ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేసు ఫోల్డర్‌ను తుడిచేశారు. బ్యాకప్‌ల కోసం వెతికితే, పోస్ట్‌గ్రెస్ డంప్ సాఫ్ట్‌వేర్ 9.2 వెర్షన్‌ది, డేటాబేసు 9.6 వెర్షన్‌ది కావడంతో డంప్‌లు విఫలమవుతూ వచ్చాయని తెలిసింది. ఆ విఫలతను తెలిపే మెయిళ్లు వెళ్లాయి కాని, నకిలీ మెయిళ్లను ఆపే డీమార్క్ నిబంధన వల్ల అందుకునే సర్వర్ వాటిని తిరస్కరించింది. అంతకు సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) ఉండబట్టి సంస్థ బయటపడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. జరిగినదంతా ఆ సంస్థ దాచకుండా ప్రచురించింది కాబట్టే మనం దాని నుంచి నేర్చుకోగలుగుతున్నాం.

కాబట్టి లెక్కను తిరగేయండి. పని పూర్తిగా సవ్యంగా ముగిసినప్పుడే స్క్రిప్ట్ ఒక చిన్న ఫైలులో ఆ సమయాన్ని రాయాలి. వేరే యంత్రం, అది ఆఫీసులోని పాత డెస్క్‌టాప్ అయినా సరే, ఉదయం ఆ సమయాన్ని చూసి 26 గంటలు దాటితే మీ ఫోన్‌కు సందేశం పంపాలి. ఆ డెస్క్‌టాప్ కూడా బతికే ఉందని తెలియడానికి, అంతా బాగున్న రోజుల్లోనూ వారానికొకసారి ఒక సందేశం వచ్చేలా పెట్టండి.

చివరిగా, నెలకొకసారి బ్యాకప్‌ను వేరే యంత్రంలోకి తిరిగి ఎక్కించి చూడండి. 2024 మే నెల విడుదలల నుంచి మారియాడీబీ డంప్‌లో మొదటి వరుసగా ఒక భద్రతా గుర్తు వస్తోంది. పాత క్లయింట్లు ఆ వరుస దగ్గరే ఎర్రర్‌తో ఆగిపోతాయి. ఫైలు సంపూర్ణంగా ఉన్నా ఎక్కదు. ఎక్కించే ప్రయత్నం చేస్తే తప్ప ఇలాంటివి తెలియవు. ఎక్కించాక, డేటాబేసులోని చివరి కొనుగోలు రసీదు నంబరును మీ గుమస్తా దగ్గరి కాగితపు పుస్తకంలోని ఆ రోజు చివరి నంబరుతో సరిచూడండి. ఇంతకన్నా నమ్మదగిన తనిఖీ నాకు తెలియదు.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ ఉంది. సర్వర్‌కు యూపీఎస్ ఉంది, జనరేటర్ కూడా ఉంది. అయినా రాత్రిపూట కరెంటు పోయి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే యూపీఎస్ ఖాళీ అయి సర్వర్ ఒక్కసారిగా ఆగిపోతోంది. రెండుసార్లు డేటాబేసు టేబుళ్లు పాడయ్యాయి. పెద్ద యూపీఎస్ కొనమంటారా?
— మేనేజరు, భీమవరం

జవాబు: కొనే ముందు ఒకసారి యూపీఎస్ వెనక్కి వెళ్లి చూడండి. అక్కడ యూఎస్‌బీ పోర్టు ఉండి, దానికి ఏ తీగా తగిలించి లేకపోతే, మీ సర్వర్‌కు కరెంటు పోయిన సంగతే తెలియడం లేదు. బ్యాటరీ ఇచ్చే కాసేపు సర్వర్‌ను నడపడానికి కన్నా, దాన్ని మర్యాదగా ఆపడానికి పనికిరావాలి. నట్ అని పిలిచే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. మీ మోడల్ దాని జాబితాలో ఉందేమో ముందు చూసుకోండి.

నట్ మామూలుగా, బ్యాటరీ మీద నడుస్తోందనీ, బ్యాటరీ అడుగంటిందనీ యూపీఎస్ చెప్పినప్పుడు సర్వర్‌ను ఆపుతుంది. పాత బ్యాటరీలు 60 శాతం ఉందని చెబుతూనే ఉన్నట్టుండి పడిపోతాయి కాబట్టి, ఆ సంకేతాన్నే నమ్ముకోవద్దు. యూపీఎస్‌షెడ్ అనే భాగంతో ఒక గడియారం పెట్టండి: కరెంటు పోయి ఐదు నిమిషాలు దాటినా జనరేటర్ అందుకోకపోతే డేటాబేసు ఆగాలి, తరవాత సర్వర్ ఆగాలి. ఆ ఐదు నిమిషాలు మీ జనరేటర్ ఆపరేటర్ మామూలుగా తీసుకునే సమయాన్ని బట్టి మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. సర్వర్ ఆగుతున్న క్షణంలోనే కరెంటు తిరిగి వచ్చిందనుకోండి. యూపీఎస్ అవుట్‌పుట్ ఎన్నడూ ఆగలేదు కాబట్టి, కరెంటు వస్తే లేవాలని బయాస్‌లో (యంత్రం మొదట లేచేటప్పటి సెట్టింగుల్లో) పెట్టినా సర్వర్‌కు ‘కరెంటు వచ్చిన’ సంఘటనే కనిపించదు. తెల్లారేదాకా నిద్రపోతూ ఉంటుంది. అందుకే ఆపే క్రమం చివర్లో యూపీఎస్ తన అవుట్‌పుట్‌ను తెంచి, కాసేపాగి మళ్లీ ఇవ్వాలన్న ఆదేశాన్ని నట్‌లో అమర్చాలి. ఇది పనిచేస్తోందా అన్నది పగటి పూట, డేటాబేసును ముందే ఆపి, యూపీఎస్ ప్లగ్ పీకి చూస్తేనే తెలుస్తుంది. రూటర్‌ను, ఫైబర్ పెట్టెను కూడా యూపీఎస్ మీదే పెట్టండి. లేకపోతే కరెంటు పోయిందన్న సందేశం గేటు దాటి పోదు.

టేబుళ్లు పాడవడం గురించి మరో మాట. ఇన్నోడీబీ హఠాత్తుగా ఆగినా తనంతట తాను కోలుకునేలా తయారైనది. అది పదేపదే పాడవుతోందంటే, రాశానని డిస్క్ చెప్పిన మాట అబద్ధమై ఉండవచ్చు. కరెంటు పోయినప్పుడు, ఇంకా రాయని డేటా ఉండే లోపలి క్యాష్‌ను కాపాడుకునే ఏర్పాటు లేని చౌక ఎస్‌ఎస్‌డీలలో ఇది జరుగుతుంది. లేదా ఆ టేబుళ్లు, అలా కోలుకునే ఏర్పాటు లేని పాత మైఐసామ్ రకానివి అయినా కావచ్చు. ఈ రెండూ చూడండి. యూపీఎస్‌లో వాడే సీసపు బ్యాటరీల జీవితకాలాన్ని 25 డిగ్రీల వేడికి లెక్కగడతారు. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఆ రంగంలో అందరూ వాడే లెక్క. గాలి ఆడని చెక్క అల్మారాలో పెట్టిన యూపీఎస్, డెల్టా ఎండాకాలంలో ఎన్నాళ్లుంటుందో మీరే ఊహించుకోవచ్చు. పెద్ద యూపీఎస్‌కు పెట్టే డబ్బులో కొంత, గాలి ఆడే చోటుకు, కొత్త బ్యాటరీలకు పెట్టండి.

ప్రశ్న: మా కళాశాల రాజోలు ప్రాంతంలో వశిష్ట గట్టుకు దగ్గరగా ఉంది. విద్యార్థుల రికార్డులున్న సర్వర్ కింది అంతస్తులో, బ్యాకప్ డిస్క్ పై అంతస్తులో ఉన్నాయి. వరద వస్తే ఇది చాలుతుందా? ఇంటర్నెట్‌లో దాచుకోమని ఒకరు, దాన్ని నమ్ముకోవద్దని ఒకరు చెబుతున్నారు.
— అధ్యాపకుడు, రాజోలు

జవాబు: పై అంతస్తు నీటి నుంచి కాపాడుతుంది, అగ్ని నుంచి, దొంగ నుంచి, పిడుగు నుంచి కాపాడదు. వరద రోజుల్లో ఆ అంతస్తుకు చేరుకోవడమే కష్టం కావచ్చు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో అన్న పాత సూత్రం మీకు చక్కగా సరిపోతుంది. వేరే ఊరంటే అదే గట్టు మీద పక్క గ్రామం అని కాదు. మెరక మీద ఉన్న బంధువుల ఇల్లో, అనుబంధ సంస్థో చూసుకోండి.

ఇంటర్నెట్ కాపీ కావాలి, అదొక్కటే ఉండకూడదు. 2022 మే నెలాఖరులో అమలాపురం అల్లర్ల తరవాత కోనసీమలో ఇంటర్నెట్ సేవలను నిలిపివేసినప్పుడు, ఆన్‌లైన్ మీదే ఆధారపడ్డవారు ఎంత ఇబ్బంది పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుఫాను లాంటిది వస్తే స్తంభాలు, తీగలు అన్నీ పోతాయి. అందువల్ల రెండు బయటి డిస్కులు తీసుకోండి. ఒకటి కళాశాలలో, ఒకటి దూరంగా ఉండాలి. మార్చేటప్పుడు, కొత్త కాపీ ఉన్న డిస్క్ దూరపు చోటికి చేరాకే పాతది వెనక్కి రావాలి.

రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ కాపీని ఎల్లప్పుడూ ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది కాబట్టి, విద్యార్థుల వివరాలున్న డిస్క్ దారిలో పోయినా ఎవరూ చదవలేరు. కాని దాని పాస్‌వర్డ్ పోతే మీరూ చదవలేరు, ఎవరూ సాయం చేయలేరు. ఆ పాస్‌వర్డ్ సర్వర్‌లో మాత్రమే ఉండి, సర్వర్ నీళ్లలో మునిగితే డిస్క్ క్షేమంగా ఉండీ లాభం లేదు. కాగితం మీద రాసి కవరులో ప్రిన్సిపాల్ దగ్గర ఒకటి, డిస్క్ ఉన్న ఊళ్లో కాకుండా మరో చోట ఒకటి ఉంచండి.

వరద విషయంలో మనకు ఒక మేలుంది. తుఫానులా కాకుండా గోదావరి నీరు అడుగు అడుగుగా పెరుగుతూ కబురు పెట్టి వస్తుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర వరసగా మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు కూడా పై నుంచి వస్తున్న నీటి సంగతి ముందే తెలిసింది. మీ సర్వర్ పత్రంలో ‘వరద వస్తే’ అని రాయకుండా ఈ అంకెలనే రాయండి: భద్రాచలంలో మొదటి హెచ్చరిక వస్తే అదనపు కాపీ తీయాలి, ధవళేశ్వరంలో మొదటి హెచ్చరికకు డిస్క్ ఊరు దాటాలి, రెండో హెచ్చరికకు సర్వర్‌ను ఆపి, తీగలకు చీటీలు కట్టి పై అంతస్తుకు చేర్చాలి. సర్వర్‌ను శాశ్వతంగా పై అంతస్తులోనే పెట్టగలిగితే ఈ చివరి అడుగు అవసరమే ఉండదు. నేనైతే అదే చేయమంటాను.

ప్రశ్న: మా రైస్‌మిల్లు సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందని, ఖాళీ చోటును చూపే డీఎఫ్ కమాండ్ చెబుతోంది. ఫోల్డర్ పరిమాణం చూపే డీయూతో ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా లేదు. పెద్ద లాగ్ ఫైలును (సర్వర్ తన పనులను నమోదు చేసుకునేది) తుడిచేసినా చోటు పెరగలేదు. పాత ఫైళ్లను తుడిచే స్క్రిప్ట్ ఒకటి రాసుకోవచ్చా?
— సాంకేతిక సహాయకురాలు, తణుకు

జవాబు: మీరు తుడిచిన లాగ్‌ను ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. పేరు పోయింది కాని ఆ చోటు, ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా ఖాళీ కాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కు ప్లస్ ఎల్ 1 అనే ఆప్షన్ ఇస్తే అలాంటి ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రోగ్రామ్‌లు కనిపిస్తాయి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు వస్తుంది. ఇకపై నడుస్తున్న లాగ్‌ను తుడవకుండా, ట్రంకేట్ కమాండ్‌తో సున్నాకు కుదించండి. ఇంకోసారి డీఎఫ్‌లో చోటు కనిపిస్తున్నా ఫైలు రాయలేకపోతే డీఎఫ్ -ఐ చూడండి. చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుని ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు కావాల్సిన నమోదు గళ్లు) అయిపోయి ఉంటాయి.

లాగ్‌ల కోసం సొంత స్క్రిప్ట్ వద్దు, పాత లాగ్‌లను తానే కుదించి తీసేసే లాగ్‌రొటేట్ ఉంది. సర్వీసుల లాగ్‌లను దాచే సిస్టమ్‌డీ జర్నల్‌కు సిస్టమ్ మ్యాక్స్ యూజ్ అనే పరిమితి ఉంది. వ్యవధిని తేల్చుకునేటప్పుడు, లాగ్‌లను 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం సంస్థలన్నిటికీ ఉందని గుర్తుంచుకోండి. చోటు చాలకపోతే కుదించి వేరే డిస్క్‌కు పంపండి.

వేరే ఫోల్డర్ల కోసం తుడిచే స్క్రిప్ట్ తప్పనిసరైతే ఒక్క జాగ్రత్త. ఫోల్డర్ పేరును వేరియబుల్‌లో పెట్టి, దాని తరవాత స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టి తుడిచే కమాండ్ ఆర్‌ఎం నడిపితే, ఆ వేరియబుల్ ఏ కారణంగానైనా ఖాళీ అయిన రోజున ఆ కమాండ్ అన్ని ఫోల్డర్లకూ మూలమైన రూట్ నుంచి మొదలుపెడుతుంది. 2015 జనవరిలో లినక్స్‌పై స్టీమ్ గేమ్ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఇలాంటి వరుస వల్లే వినియోగదారుల ఫైళ్లు పోయాయి. వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం పెడితే, ఖాళీగా ఉన్నప్పుడు షెల్ ఆ కమాండ్‌ను నడపకుండా ఆగిపోతుంది. రాసిన ప్రతి స్క్రిప్ట్‌నూ షెల్‌చెక్ అనే ఉచిత పరికరంతో చూపించుకోండి. ఇలాంటి వరుసలను అది వేలెత్తి చూపుతుంది.

ప్రశ్న: మా వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఒక రోజంతా పని ఆగింది. క్యాలెండర్‌లో రాసుకుంటే సరిపోతుందా?
— కాకినాడ పాఠకుడు

జవాబు: సరిపోదు, ముందు ముందు అసలే సరిపోదు. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గేలా నిర్ణయమైంది. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ గడువు గుర్తుచేసే మెయిళ్లను 2025 జూన్‌లో ఆపేసింది. పునరుద్ధరణ యంత్రమే చేయాలి, అది జరిగిందా అన్నది మరో యంత్రం చూడాలి. బయటి యంత్రం నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో సైటుకు కనెక్ట్ అయి, చెక్‌ఎండ్ ఆప్షన్‌కు మీరు ముందుగా తెలుసుకోదలచిన వ్యవధిని సెకన్లలో ఇవ్వండి. పది రోజులైతే 8,64,000. డిస్క్ మీది ఫైలును చూస్తే లాభం లేదు. కొత్త సర్టిఫికెట్ ఫైలులోకి వచ్చినా, సైటును జనానికి అందించే ఎన్‌జిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయకపోతే జనానికి పాతదే వెళ్తుంది.

ప్రశ్న: పాలకొల్లులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్వర్లు నేనొక్కదాన్నే చూస్తాను. త్వరలో ప్రసూతి సెలవుపై వెళ్తున్నాను. నా స్థానంలో చూసే అన్నయ్య బిల్లింగ్ విభాగంవారు, లినక్స్ పెద్దగా తెలియదు. ఆయన కోసం నోట్స్ ఎలా రాయాలి?
— సిస్టమ్ అడ్మిన్, పాలకొల్లు

జవాబు: అమ్మా, ముందుగా మీకు శుభాకాంక్షలు. చాలా నోట్స్ సర్వర్ ఎలా తయారైందో చెబుతాయి. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర రోగి బంధువులు నిలబడి ఉండగా ఆయనకు అది అక్కర్లేదు. ఆయనకు కనిపించే లక్షణంతో మొదలుపెట్టండి: ‘బిల్లు ప్రింటు కావడం లేదు’, ‘తెర తెల్లగా వస్తోంది’, ‘ల్యాబ్ రిపోర్టులు రావడం లేదు’. ఒక్కో లక్షణానికి ఒక్కో పేజీ చాలు.

పేజీలో కమాండ్‌ను కొట్టాల్సిన అక్షరాలలోనే రాసి, దాని కింద తెలుగులో ‘ఇది కొడితే ఇలా కనిపించాలి’ అని రాయండి, వీలైతే తెర ఫోటో అతికించండి. కనిపించాల్సింది కనిపించకపోతే ఏం చేయాలో కూడా ఆ పక్కనే ఉండాలి, అది ‘ఇక్కడ ఆగి ఫోన్ చేయండి’ అన్న ఒక్క మాటే అయినా సరే. తెలియని మనిషికి ఎక్కడ ఆగాలో చెప్పడం ఎంతో ధైర్యాన్నిస్తుంది.

చేయకూడనివి ఎర్ర సిరాతో రాయండి. డిస్క్ నిండినప్పుడు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించే, డేటాబేసు వాడుకునే ఐబీడేటా1 ఫైలును తీసేస్తే చోటు వస్తుందని అనుకుని డేటాబేసునే పోగొట్టుకున్న వారున్నారు. ఆ ఫైలు పేరు ఎర్ర సిరాలో ఉండాలి. తెలిసిన పనులకు మీరే చిన్న స్క్రిప్ట్‌లు రాసి, వాటిని రెండుసార్లు నడిపినా హాని లేకుండా చూడండి. కంగారులో ఉన్న మనిషి తప్పకుండా రెండుసార్లు నడుపుతారు. ఆయనకు సర్వాధికారాలున్న రూట్ ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వకుండా, పరిమిత అధికారాలిచ్చే సుడోలో ఆ స్క్రిప్ట్‌లకు మాత్రమే అనుమతి ఇవ్వండి. రూట్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో నిర్వాహకుల దగ్గర ఉండాలి, కవరు తెరిస్తే తేదీ, కారణం దాని మీదే రాయాలి.

సెలవుకు ముందే ఒక మధ్యాహ్నం, పరీక్ష సర్వర్‌లో ఒక సర్వీసును ఆపేసి, మీరు మాట్లాడకుండా పక్కన కూర్చుని, కాగితం మాత్రమే చూసి ఆయన్ను బాగుచేయమనండి. ఆయన ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో అక్కడ నోట్స్‌లో ఒక వాక్యం తక్కువైందని అర్థం. దాన్ని చేర్చి, ఇంకో రోజు మళ్లీ చేయించండి. ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపల అతికించండి; సర్వర్‌లోనే దాచిన నోట్స్ సర్వర్ పడిపోయిన రాత్రి తెరుచుకోవు.

మీ సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే ఆ సంగతి మొదటి పేజీ పైనే పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రి పదకొండున్నరకు బిల్లింగ్ ఆగితే లాగ్‌లో అది సాయంత్రం ఆరు గంటలుగా కనిపిస్తుంది. 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలని తెలియకపోతే, ఆయన తప్పు గంటలో తప్పు వరుసల కోసం వెతుకుతారు.